పార్కింగ్‌లో నాలుగు గంటలు కూర్చున్న ఆవిడకి థ్యాంక్స్

మా పక్క అపార్ట్‌మెంట్ అఫ్గాన్ అక్కకి అమెరికాలో అసైలం (ప్రాణభయంతో వచ్చినవాళ్ళకిచ్చే ఆశ్రయం) అప్రూవ్ అయింది!! ఇప్పుడే లెటర్ చూశాం, చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

2021 ఆగస్టులో కాబూల్ పడిపోయాక విమానాల్లో అమెరికా తెచ్చిన 76 వేల పైచిలుకు మందిలో అక్కా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. చేతికిచ్చింది రెండేళ్ళ పెరోల్, అంటే తాత్కాలికంగా ఉండనిచ్చే అనుమతి మాత్రమే. వాళ్ళాయన అమెరికన్లతో పనిచేసిన కాగితాలన్నీ తాలిబన్లు వస్తున్నారన్న భయంతో అక్కడే పొయ్యిలో కాల్చేసింది, ఇక్కడేమో ప్రూఫ్ చూపించమంటారు. అసైలం ఫామ్ నింపుదామని నేను కూర్చున్నా, మా ఇద్దరికీ కలిసే భాష హిందీ ఒక్కటే, మూడో పేజీకే చేతులెత్తేశా.

అప్పుడు కలిశారు, లైబ్రరీలో ఫ్రీ లీగల్ క్లినిక్‌లో, ఆ వియత్నాం ఆవిడ. లా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మేమెవరో ఏంటో తెలీదు. ఆరు శనివారాలు మాతో కూర్చుని, ఏ కాగితం ఎందుకు కాల్చాల్సొచ్చిందో అక్క నోటితోనే మెల్లగా చెప్పించి రాసుకుని, లాయరు గారికి చూపించి సరిచేయించారు. ఇంటర్వ్యూ రోజు తనని లోపలికి రానివ్వరని తెలిసీ వచ్చి, హ్యూస్టన్ ఎండలో నాలుగు గంటలు కారులో కూర్చున్నారు. ఎందుకండీ ఇంత కష్టం అంటే, "1975లో మేం పెన్సిల్వేనియాలో ఇండియన్‌టౌన్ గ్యాప్ శరణార్థుల క్యాంపు నుంచి బయటికొస్తుంటే గేటు దగ్గర మాకోసం ఒకావిడ నిలబడి ఉంది, బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు కనబడాలి కదా" అన్నారు. అక్కడే కూలబడి ఏడ్చేశా.

అలా వియత్నాం నుంచి వచ్చినవాళ్ళకి 1977లోనే గ్రీన్ కార్డుకి చట్టం చేశారు. క్యూబా వాళ్ళకి 1966లో. అఫ్గాన్ వాళ్ళకి గ్రీన్ కార్డు దారి చూపే బిల్లు, అఫ్గాన్ అడ్జస్ట్‌మెంట్ యాక్ట్, 2022 ఆగస్టులో రెండు పార్టీల వాళ్ళూ కలిసి పెట్టారు, డిసెంబర్‌లో బడ్జెట్ బిల్లులో కలుపుతారని ఆశగా చూస్తే కలపలేదు, 2023 జూలైలో మళ్ళీ పెట్టారు. అది పాసై ఉంటే ప్రాణభయాన్ని ఇలా ఒక్కొక్కళ్ళూ ఫామ్‌లో నిరూపించుకోవాల్సిన పనేముంది? ఇలా వచ్చినవాళ్ళ అసైలం 150 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, మాకు ఏడు నెలలు దాటింది. మనం గ్రీన్ కార్డు క్యూ గురించి రోజూ బాధపడతాం, పెరోల్ మీద వచ్చినవాళ్ళకి నిలబడ్డానికి క్యూ కూడా లేదండీ.

మా ఆయన, అత్తయ్య ఆ శనివారాలన్నీ ఇల్లు చూసుకున్నారు.

అయ్యో, అక్క తజ్కిరా (అఫ్గాన్ గుర్తింపు కార్డు) వాళ్ళ దరీ భాష నుంచి ఇంగ్లీషులోకి పైసా తీసుకోకుండా చేసిపెట్టిన కాలేజీ కుర్రాడికి, ప్రింటర్ ఆగిపోతే టైమ్ దాటినా లైట్లు తీయకుండా ఉన్న లైబ్రరీ అతనికి, ఇంటర్వ్యూ రోజు పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చి పప్పన్నం పెట్టిన కింద ఫ్లోర్ గుంటూరు వదినకి కూడా థ్యాంక్స్!! ఇప్పుడు వాళ్ళాయన కోసం అప్లై చెయ్యొచ్చట, శనివారం మళ్ళీ లైబ్రరీకి వెళ్తున్నాం, ఆవిడ వస్తానన్నారు.