సరిచూసి చెప్పు నాయనా

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉండుంటావు. తిట్టుకో. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, చెల్లికి ఉద్యోగం వచ్చింది, నా పంటి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి. మా పెద్దనాన్న, అదే, నువ్వు "టిక్కుల మాస్టారు" అని పేరు పెట్టిన మనిషి, ఓ దొంగను ఫోన్లో ఏడిపించి వదిలాడు!

ఏదో పద్యానికి అర్థం వెతుకుతున్నాడట. ఉన్నట్టుండి లాప్‌టాప్‌లోంచి సైరన్ కూత. పరుగెత్తుకెళ్లి చూస్తే తెర నిండా ఎరుపు. మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఆఫ్ చేస్తే డేటా మొత్తం పోతుంది, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి, ఇదే పాట. అది వైరస్సూ కాదు, పాడూ కాదు, ఫుల్ స్క్రీన్‌లో పరిచిన ఒట్టి వెబ్ పేజీ. అయితే నేను వెళ్లేసరికే ఆయన ఫోన్ చేసేశాడు. స్పీకర్ పెట్టి, డైరీ తెరిచి, పెన్ను మూత తీసి కూర్చున్నాడు. మన చందా లెక్కలప్పుడు ఎలా కూర్చున్నాడో గుర్తుందా, అచ్చం అలాగే!

ఫోన్ లాక్కోబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు.

అవతలివాడు ఎంత మర్యాదో. విండోస్ సపోర్ట్ వాళ్లమన్నాడు. కంప్యూటర్‌లో జరిగే ప్రతి చిన్న విషయం నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిపించాడు. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు బారులు తీరి ఉంటాయి కదా, "చూశారా సర్, ఇవన్నీ వైరస్‌లే" అన్నాడు. ఏ కంప్యూటర్‌లోనైనా ఉంటాయిరా అవి! ఏదో సర్వీసు కాస్త ఆలస్యంగా మొదలైనా అక్కడ నమోదైపోతుంది. పెద్దనాన్నకు ఆ సంగతి తెలియదు, ముఖం పాలిపోయింది. నాకైతే ఒళ్లు మండింది.

తర్వాత వేశాడు అసలు ఎత్తు. కమాండ్లు టైపు చేసే నల్ల తెర, అదే కమాండ్ ప్రాంప్ట్, తెరిపించి 'అసోక్' (assoc) అని కొట్టించాడు. ఏ రకం ఫైలు దేనికి చెందుతుందో చూపించే కమాండ్‌లే అది. బారెడు జాబితా వచ్చింది. దాని అడుగున ఒక పొడుగాటి నంబర్. "అది మీ కంప్యూటర్ లైసెన్స్ నంబర్ సర్. మా దగ్గరా అదే ఉంది. నేను చదువుతాను, సరిచూసుకోండి."

సరిచూసుకోమన్నాడురా! మా పెద్దనాన్నతో!

888డీసీఏ60 అంటూ వాడు మొదలుపెడితే ఈయన ఒక్కో అక్షరం కింద టిక్కు. మొత్తం సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, అది విండోస్ ఉన్న ప్రతి మెషీన్లోనూ ఒకటే. ఫైళ్లను జిప్ చేసే సదుపాయానికి విండోస్ వాడే గుర్తింపు సంఖ్య, అంతే. నేను నోరు మెదపకుండా నా లాప్‌టాప్ తెచ్చి, అదే కమాండ్ కొట్టి ఆయన పక్కన పెట్టాను. డైరీ చూశాడు, నా తెర చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి టిక్కులు. అవతలివాడు సర్, సర్ అంటూనే ఉన్నాడు. ఒక యాప్ దించుకోండి, అందులో కనిపించే నంబర్ చెప్పండి, ఇక్కణ్నుంచే నేను బాగుచేస్తానని.

"నాయనా, చిన్న సందేహం. మా అబ్బాయి మెషీన్‌దీ ఇదే నంబర్. ఒకే లైసెన్స్ ఇద్దరికి ఇచ్చారా? మీ పుస్తకాల్లో ఎలా రాసుకున్నారు?"

కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత, వైరస్ మీ అబ్బాయి మెషీన్‌కీ పాకిందన్నాడు.

"అయితే నీ మెషీన్‌లోనూ కొట్టు. సరిచూసి చెప్పు నాయనా, లైన్లోనే ఉంటాను."

వాడు ఫోన్ ఇంకెవరో పై ఆఫీసరుకి ఇచ్చాడు. ఆయనతో మళ్లీ మొదటి అక్షరం నుంచి! చివరికి ఆ పెద్దమనిషి ఓ బూతు తిట్టి పెట్టేశాడు. పెద్దనాన్న దాన్నీ డైరీలో రాసుకున్నాడు. ఆ మాట ఏదో నీకు చెప్పక్కర్లేదు, మన లెక్కల సారు స్కూటర్ కథ గుర్తు తెచ్చుకో.

ఎస్కేప్ కీ నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోయింది. టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్ మూసేశాను. మళ్లీ తెరిచినప్పుడు, పాత పేజీలు తెమ్మంటావా అని అడిగితే వద్దన్నాను. యాప్ దించలేదు కాబట్టి అంతటితో సరిపోయింది. అదే దించి, ఆ నంబర్ చెప్పేసి ఉంటే కంప్యూటర్ వాడి చేతికి పోయేది. అప్పుడు నెట్ పీకి, యాప్ తీసేసి, వేరే పరికరంలో పాస్‌వర్డ్‌లు మార్చి, బ్యాంకుకి ఫోన్ చేసి... వద్దులే. మీ అమ్మగారికి మాత్రం ఒక్కమాట చెప్పు: మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు.

రాత్రి మాత్రం ఆయన సరిగా తినలేదు. "ఆ ఎర్ర గుర్తులు చూసి నమ్మేశానురా" అన్నాడు మెల్లగా. నాకేం అనాలో తోచలేదు. కాగితాన్ని అనుమానిస్తాడే గానీ మనిషిని ఎప్పుడూ... పోనీలే.

ఇంతకీ కథ అయిపోలేదు. మర్నాడు ఇంకో గొంతు, మీరు కట్టిన సర్వీసు డబ్బు వాపసు ఇస్తామని! అదింకో రకం మోసం. తెర చూపించమంటారు, బ్యాంకు పేజీలో అంకెలు పైపైన మార్చేస్తారు, అయ్యో ఎక్కువ పంపేశాం, తేడా గిఫ్ట్ కార్డుల్లో ఇచ్చేయండి అని ఏడుస్తారు. పెద్దనాన్న ఏమన్నాడో తెలుసా? "ముందు రశీదు నంబర్ చెప్పు" అన్నాడు. దానికి వాడు...

చెల్లి బయట హారన్ కొట్టి చంపుతోంది, దాన్ని దింపి రావాలి. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
బుడంకాయ్