వెల్లకిలా పడుకోగలుగుతున్నావా అని బాలింతను అడగండి

సంపాదకులకు,

నమస్కారం. కాన్పులో అధిక రక్తస్రావం గురించి, బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం గురించి, గర్భిణుల రక్తహీనత గురించి పత్రికల్లోనూ ఆరోగ్య కేంద్రాల గోడల మీదా తరచుగా చదువుతుంటాం. గర్భం కారణంగానే గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటున్నదని మాత్రం, డిగ్రీ చదివి, విశాఖపట్నం లాంటి నగరంలో ఉంటూ, నెల తప్పినప్పటి నుంచి ఒక్క చెకప్ కూడా మానని నాకు, ఆ జబ్బు నా ఒంటి మీదికి వచ్చేదాకా తెలియదు. దాని పేరు పెరిపార్టం కార్డియోమయోపతి. పేరుకు నోరు తిరగదు గాని, దాన్ని అనుమానించడానికి కావలసిన ప్రశ్న చాలా చిన్నది. ఆ ప్రశ్నను మన ఇళ్లలో గాని, మన ఆరోగ్య వ్యవస్థలో గాని ఎవరూ అడగకపోవడం గురించే ఈ ఉత్తరం.

అంతకుముందు గుండె జబ్బేదీ లేని స్త్రీకి గర్భం చివరి రోజుల్లో గాని, కాన్పు తరువాతి నెలల్లో గాని గుండె ఎడమ గది రక్తాన్ని ముందుకు తోసే బలం కోల్పోవడమే ఈ జబ్బు. ఎక్కువ మందికి కాన్పయిన మొదటి నెలలోనే బయటపడుతుంది. 5 నెలల వరకు రావచ్చునని వైద్యులు చెబుతారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ గదిలోని రక్తంలో ఎన్నో వంతు బయటికి వెళుతున్నదో చెప్పే అంకెను ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆసుపత్రుల్లో అందరూ ఈఎఫ్ అనే పిలుస్తారు. ఆరోగ్యవంతులకు అది సుమారు 55 శాతం, లేదా అంతకు మించి ఉంటుంది. ఈ జబ్బులో సాధారణంగా 45కు దిగువకు పడిపోతుంది. నాకు మొదటి ఎకోలో, అంటే గుండెకు తీసే స్కానింగ్‌లో, 28 వచ్చింది.

పురిటికి గాజువాకలోని పుట్టింటికి వెళ్లాను. సిజేరియన్ అయి, కుట్లు మానుతున్న రోజుల్లోనే దగ్గు మొదలైంది. పగలంతా లేని దగ్గు రాత్రి మంచం మీద వాలగానే తెరలు తెరలుగా వచ్చేది. తలస్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నారు కనుక పొగ పడలేదన్నారు. పాదాలు వాచి మెట్టెలు వేళ్లలో దిగబడితే, పచ్చి ఒంటికి నీరు పట్టడం మామూలేనన్నారు. బరువు పెరిగితే ఒళ్లు చేసిందని సంతోషించారు. నాలుగడుగులు వేస్తే వచ్చే ఆయాసానికి నిద్ర చాలకపోవడం కారణమైంది. వీటిలో ఏదీ నమ్మరాని మాట కాదు, చాలామంది బాలింతల విషయంలో అవన్నీ నిజం కూడా. అన్నీ ఒకేసారి ఒకే మనిషికి వస్తున్నాయన్న సంగతే ఎవరి లెక్కలోకీ రాలేదు. మా అమ్మ నా తలకింద దిండు మీద దిండు వేస్తూ పోయింది, దిండ్లు చాలక పరుపు చుట్టి ఆనించింది. అప్పటికీ ఊపిరి ఆడక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కిటికీ అంచు మీద చేతులు ఆన్చి తల వాల్చి కునుకు తీసేదాన్ని. పక్కకు తిరిగి పడుకుని బిడ్డకు పాలివ్వమంటే నా వల్ల అయ్యేది కాదు.

పడుకుంటే ఎందుకు ఎక్కువవుతుందో తరువాత తెలిసింది. నిలబడినప్పుడు కాళ్లలో ఉండిపోయే రక్తం, పడుకోగానే గుండె వైపు తిరిగి వస్తుంది. బలం చాలని గుండె ఆ రక్తాన్ని ముందుకు పంపలేక వెనక్కు నిలవేస్తుంది, దాంతో ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. రాత్రి దగ్గు, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చోవడం, దిండ్లు పెరగడం అన్నీ ఆ నీటి పనే.

చూపించుకోలేదని ఎవరూ అనుకోవద్దు. దగ్గుకు సిరప్ ఇచ్చారు, నెబ్యులైజర్ పెట్టారు, రక్తం తక్కువగా ఉందని ఐరన్ రాశారు. రక్తం తక్కువగా ఉన్న మాట నిజమే. మన ఆడవాళ్లలో ఎంతమందికి సరిపడా ఉంది కనుక? ఆయాసానికి ఒక కారణం దొరికిందని రెండో కారణం వెతకడం మానేయడంలోనే ప్రమాదమంతా ఉంది. చివరికి నీరసం తగ్గుతుందని ఒక క్లినిక్‌లో సెలైన్ ఎక్కించారు. ఈ సంగతి మీ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలనుకుంటున్నాను. నీరసంగా ఉంటే గ్లూకోజు బాటిల్ పెట్టించుకోవడం మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ దాదాపు ఆచారంగా మారింది, బాటిల్ పెట్టకపోతే డాక్టరు సరిగా చూడలేదనుకునేవాళ్లూ ఉన్నారు. ఒంట్లో ఉన్న నీటినే తోడిపోయలేక అల్లాడుతున్న గుండెకు నరం ద్వారా మరో అర లీటరు చేర్చితే ఏమవుతుందో నాకు ఆ రాత్రే తెలిసింది. నురగ కఫంతో, మాట పెగలని ఆయాసంతో, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే 108లో తీసుకెళ్లారు. ఆయాసపడుతున్న గర్భిణికి గాని, బాలింతకు గాని ఊపిరితిత్తులు విని, నాడి లెక్కపెట్టి, రక్తంలో ఆక్సిజన్ చూడకుండా సెలైన్ పెట్టకూడదని వీధి క్లినిక్‌ల దాకా ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఎకో తీస్తున్న అమ్మాయి మొదట పాప పేరేమిటని అడుగుతూ కబుర్లు చెప్పింది. తెర వంక చూస్తూ చూస్తూ మాటలు ఆపేసి, చేతిలోని పరికరాన్ని నా పక్కటెముకల మీద అలాగే అదిమి ఉంచి, “సార్, ఒకసారి రండి” అని పక్క గదిలోకి కేకేసింది. అంతవరకు జరిగిన చికిత్సలన్నింటి తరువాత, జబ్బు పేరు తేలడానికి పట్టింది అరగంట కంటే తక్కువ. ఎకోలో సూది లేదు, రేడియేషన్ లేదు, పాలిచ్చే తల్లికి ఏ ఇబ్బందీ లేదు. బీఎన్‌పీ అనే రక్తపరీక్ష కూడా గుండె మీద భారం పడుతున్నదో లేదో చెబుతుంది. విశాఖలో ఎకో యంత్రాలకు గాని, గుండె వైద్యులకు గాని కరువు లేదు. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ మొదలుకొని ప్రైవేటు ఆసుపత్రుల దాకా, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు కూడా ఇక్కడికే వస్తారు. బాలింత ఆయాసమనగానే గుండె గుర్తుకు రాకపోవడమే కొరత.

ఇది ఎందుకు వస్తుందన్న దానిపై ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. పాలు పడడానికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోన్ విరిగి ఏర్పడే ఒక ముక్క గుండెలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తున్నదని 2007లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. కొందరిలో టైటిన్ అనే గుండె కండర ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో మార్పులున్నాయని 2016లో మరో పరిశోధన తేల్చింది. గర్భంతో ఉండగా బీపీ పెరిగినవాళ్లకు, కవలలను మోసినవాళ్లకు, 30 దాటాక గర్భం దాల్చినవాళ్లకు ముప్పు ఎక్కువే గాని, ఇవేవీ లేనివాళ్లకు కూడా వస్తుంది. నైజీరియా ఉత్తర ప్రాంతంలోని హౌసా స్త్రీలలో దాదాపు 100 కాన్పులకు ఒకరికి ఈ జబ్బు కనిపించింది. అక్కడి బాలింతలు 40 రోజులు వేణ్ణీళ్ల స్నానాలు చేసి, కింద మంట పెట్టి వేడిచేసిన మట్టి అరుగుల మీద పడుకుని, ఒక రకం ఉప్పు కలిపిన జావ తాగుతారు కనుక అదే కారణమని 1970లలో అనుకున్నారు, తరువాతి పరిశీలనల్లో ఆ వాదం గట్టిగా నిలవలేదు. అది చదివినప్పుడు మన కాయం ముద్దలు, నడికట్లు, చెవుల్లో దూది గుర్తుకొచ్చాయి. మన పథ్యాల వల్ల జబ్బు వచ్చిందని నేననడం లేదు. ఇక పాప పుట్టిన నక్షత్రం మంచిది కాదని, అందుకే తల్లికి గండం వచ్చిందని మా చుట్టాల్లో ఒకరు అన్నారు. నెలల పసిగుడ్డు మీద అంత నేరం మోపడానికి మనిషికి నోరెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చికిత్స ఉన్నదని, పనిచేస్తుందని కూడా చెప్పాలి. ఒంట్లో నీరు తీసేందుకు ఫ్యూరోసిమైడ్, గుండెకు విశ్రాంతినిచ్చే మెటోప్రొలాల్, దాని మీద భారం తగ్గించే ఎనాలాప్రిల్ వాడుతున్నాను. చివరి మందును గర్భంతో ఉండగా వాడకూడదు, పాలిచ్చే తల్లి డాక్టరు పర్యవేక్షణలో వాడవచ్చు. మందుల విషం పాలలోకి దిగుతుందని ఎవరో చెప్పారని మందులు మానేయడం ఈ జబ్బులో ప్రాణాంతకం. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు బరువు చూసుకుని క్యాలెండర్‌లో రాసుకుంటాను, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే గనుక వెంటనే ఫోన్ చేయమన్నారు. పాలు పడతాయని మా వైపు బాలింతలకు పెట్టే పాలసొర పిట్టు ఉప్పు తగ్గించి తింటున్నాను. ఎండు నెత్తళ్లకు, ఆవకాయకు స్వస్తి చెప్పాను. మొన్నటి ఎకోలో ఈఎఫ్ 44కు వచ్చింది. సగం మందికి పైగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కోలుకుంటారు. అమెరికాలో 100 మంది స్త్రీలను గమనించి 2015లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికల్లా 72 శాతం మందికి ఈఎఫ్ 50 దాటింది. మొదట 30కి దిగువన ఉన్నవాళ్లు అంత బాగా కోలుకోలేదు కనుక, జబ్బు ఎంత త్వరగా పట్టుకుంటే అంత మేలు.

రెండో బిడ్డ సంగతి మన ఇళ్లలో మరీ సున్నితం. గుండె పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ గర్భం దాల్చినవాళ్లలో 44 శాతం మందికి గుండె వైఫల్య లక్షణాలు వచ్చాయని, 19 శాతం మంది చనిపోయారని 2001లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెబుతున్నది. కోలుకున్నాక గర్భం దాల్చినవాళ్లలో ఎవరూ చనిపోలేదు గాని, ఐదింట ఒకరికి లక్షణాలు తిరగబెట్టాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఈ మాట భర్తను, అత్తమామలను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. కోడలి ద్వారా కబురు చేస్తే అది సాకుగా వినిపిస్తుంది. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాలాంటివాళ్లకు తగవు. కాపర్‌టీ ఉంది, ఇక పిల్లలు వద్దనుకుంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే వేసెక్టమీ ఉంది. గుండె బలహీనంగా ఉన్న భార్యను మత్తిచ్చి ఆపరేషన్ బల్ల ఎక్కించడం కంటే భర్త ఆ కొద్ది నిమిషాలు కేటాయించడం సబబని మగవాళ్లకు మగవాళ్లే చెబితే బాగుంటుంది.

ఇక జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలన్న నియమం ఉంది. మా ఇంటికి వచ్చినావిడ ఓపికగా పాప బరువు చూసింది, బొడ్డు చూసింది. నాకు జ్వరం ఉందా, రక్తస్రావం ఎక్కువగా ఉందా అని అడిగింది. ఆవిడ అడిగినవి అవే. 42వ రోజుతో ఆ వరుస రాకపోకలు ముగుస్తాయి. మాతృమరణాల లెక్కకు గీత గీసింది కూడా ఆ 42వ రోజు దగ్గరే. మన రాష్ట్రంలో 2018-20 నాటికి లక్ష జననాలకు 45 మాతృమరణాలన్న అంకె దేశ సగటు 97 కంటే ఎంతో మెరుగు. అందుకు కృషి చేసినవాళ్లను మెచ్చుకోవలసిందే. కాని మూడో నెలలో గుండె ఆగి పోయిన తల్లి ఆ అంకెలో ఉండదు. ఆమె మరణం ఏ కాన్పు ఖాతాలోనూ పడకుండా, ఆయాసంతో పోయిందన్న మాటతో ముగిసిపోతుంది.

బాలింత ఇల్లు కదలని ఆ నెలల్లో కూడా బిడ్డకు టీకాలు వేయించడం మాత్రం మానరు. 6, 10, 14 వారాలకు టీకా రోజున తల్లి బిడ్డనెత్తుకుని టీకాలు వేసే నర్సు (ఏఎన్ఎం) ఎదుట కూర్చుంటుంది. 14 వారాలంటే 98 రోజులు. బిడ్డ తొడకు సూది వేసే ముందు, “వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా అమ్మా? దిండ్లు ఎక్కువ కావలసి వస్తున్నాయా?” అని తల్లిని అడిగి, తేడా ఉన్నట్టు చెబితే వేలికి ఆక్సిమీటర్ తగిలించి, నాడి చూసి, ఆ రోజే ఎకో ఉన్న ఆసుపత్రికి పంపితే చాలు. కరోనా కాలంలో కొన్న ఆక్సిమీటర్లు ఇళ్లలోనే బీరువా అడుగున పడి ఉన్నాయి, ఆరోగ్య కేంద్రాల్లో లేకుండా పోవు. హైతీలో ఎన్నో ఏళ్లు ఈ జబ్బు మీద పనిచేసిన జేమ్స్ ఫెట్ అనే అమెరికన్ వైద్యుడు ఇదే ఉద్దేశంతో ఆయాసం, దగ్గు, వాపు, బరువు, గుండెదడ, పడుకోలేకపోవడం గురించి ఆరు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. తల్లి తనంతట తానే మార్కులు వేసుకోవచ్చు. అలాంటిదాన్ని తెలుగులో తల్లీబిడ్డల కార్డు వెనుక అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాడేరు, అరకు కొండల మీది గూడేల నుంచి డోలీలో దిగివచ్చే తల్లులకు ఈ ప్రశ్న ఇంకా ముందే, అంటే ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షలప్పుడే అడగాలి. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు మన దేశంలో ఇంకా ఉన్నారు. ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరిగే గర్భకాలంలో ఆ పాత జబ్బూ ఇదే ఆయాసంతో బయటపడుతుంది. ఏ జబ్బన్నది ఎకో తేలుస్తుంది. ఆ తల్లిని ఎకో ఉన్న చోటికి చేర్చే వాహనం ముందు రోజే మాట్లాడి ఉంచాలి.

నా పేరు ప్రచురించవద్దని మనవి. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు, అక్కకు గుండె జబ్బట అన్న మాట ఆ ఇళ్లకు పాకడం మావాళ్లకు ఇష్టం లేదు. స్థలం చాలక ఉత్తరం కుదించవలసి వస్తే నా కథ తీసివేసి, సెలైన్ గురించి, టీకా రోజు గురించి రాసిన భాగాలు మాత్రం ఉంచగలరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం