ఎర్త్ వైరు సైజుకు లెక్క చూపించమనండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. బొబ్బిలి, నెల్లిమర్ల వైపు మిల్లుల్లో, అప్పుడప్పుడు పలాస జీడి ఫ్యాక్టరీల్లో వైరింగ్ పనులు చూస్తుంటాను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రతి యూనిట్‌లో ఎర్త్ వైరు ఎంత లావుండాలో లెక్కగట్టి, ఆ లెక్కను తనిఖీ కాగితాలతో జతచేయడం తప్పనిసరి చేయండి.

మా దగ్గర ఎర్తింగ్ అనగానే అందరి చూపూ పిట్ (ఎర్త్ కోసం తవ్వే గుంత) మీదకే పోతుంది. బొగ్గూ ఉప్పూ వేశారా, నీళ్లు పోస్తున్నారా, మీటరు పెడితే ఎన్ని ఓమ్‌లు వచ్చింది? కాంట్రాక్టర్లు ఇచ్చిన రిపోర్టుల్లో నాకు ఇవన్నీ కనిపించాయి. మోటారు బాడీ నుంచి ప్యానల్‌కు, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి చేరే చోటుకు) వెళ్లే వైరు సైజు ఎలా తేల్చారో మాత్రం కనిపించలేదు. "ఎనిమిదో నంబరు జీఐ (జింకు పూత వేసిన ఇనుప వైరు) లాగేయండి" అనడంతో ఆ పని అయిపోతోంది. కానీ ఇలాంటి యూనిట్లలో ఫేజు (కరెంటు తెచ్చే వైరు) బాడీకి తగిలితే కరెంటు ప్రధానంగా తిరిగి వెళ్లేది ఆ వైరులోంచే, మట్టిలోంచి కాదు. బ్రేకర్ పడి కరెంటు ఆగేదాకా ఆ కరెంటు పుట్టించే వేడంతా అదే తట్టుకోవాలి. ఈలోగా అది కరిగి తెగిందంటే మోటారు బాడీ మీద కరెంటు అలాగే ఉండిపోతుంది. ఆ మోటారు మీద చెయ్యి వేసేది అక్కడి కూలీ.

లెక్క ఎర్తింగ్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 3043లోనే ఉంది. ఫాల్ట్ కరెంటును (ఫేజు బాడీకి తగిలినప్పుడు పారే కరెంటును) వర్గం చేసి, బ్రేకర్ పడటానికి పట్టే సెకన్లతో గుణించి, వర్గమూలం తీసి, వైరు లోహాన్నీ తొడుగునూ తట్టుకోగల వేడినీ బట్టి ఉండే 'కె' అనే అంకెతో భాగించాలి. వచ్చేది చదరపు మిల్లీమీటర్లలో వైరు సైజు. పీవీసీ తొడుగుతో విడిగా లాగిన రాగి వైరుకు కె 143. వేడి బయటికి పోయే వ్యవధి లేదనుకుని కట్టే లెక్క కాబట్టి ఇది 5 సెకన్ల లోపు ఫాల్టులకే వాడాలి.

ఇప్పుడు 100 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఇంపెడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 4.5 శాతం అయితే దాని టెర్మినళ్ల దగ్గర ఫాల్ట్ కరెంటు సుమారు 3,000 ఆంపియర్లు. బ్రేకర్ 0.1 సెకనులో పడితే 6.6 చదరపు మిల్లీమీటర్ల రాగి కావాలి, అంటే దానిపై దొరికే సైజు 10 వేయాలి. అదే యూనిట్‌లో దూరంగా ఉన్న షెడ్డుకు సన్న కేబుల్ వేశారనుకుందాం. అక్కడ ఫాల్ట్ కరెంటు 400 ఆంపియర్లే. "కరెంటు తక్కువేగా, సన్న వైరు చాలు" అంటారు. కానీ ఆ కొద్ది కరెంటుకు బ్రేకర్ వెంటనే పడదు. 5 సెకన్లు పట్టిందంటే అక్కడా 6.3 కావాలి. దాదాపు అంతే వైరు! ఇది కంటితో అంచనా వేసే పని కాదు, లెక్క కట్టాల్సిందే.

యజమానులు లోడు పెంచుకుని 100 తీసేసి 250 కేవీఏ పెట్టినప్పుడు నాకు ఇంకా టెన్షన్. అదే ఇంపెడెన్స్‌తో ఫాల్ట్ కరెంటు సుమారు 7,400కు చేరుతుంది, అదే 0.1 సెకనుకు కావాల్సిన రాగి 16.4 అవుతుంది. కొత్త కేబుళ్లు వస్తాయి, కొత్త ప్యానల్ వస్తుంది, ఎర్త్ వైరు మాత్రం పాతదే ఉండిపోతుంది.

లెక్క వద్దనుకునేవాళ్లకు పట్టిక ఉంది: ఫేజు వైరు 16 చదరపు మిల్లీమీటర్ల దాకా ఎర్త్ వైరూ అంతే సైజు, 35 దాకా 16, ఆపైన ఫేజులో సగం. మంచి పట్టికే, కానీ ఆ రెండు వైర్లూ ఒకే లోహమైతేనే అది వర్తిస్తుంది. మనవాళ్లు సైజు పట్టికలోంచి తీసుకుని లోహం మార్చేస్తారు. ఎనిమిదో నంబరు జీఐ వైరు సైజు సుమారు 13 చదరపు మిల్లీమీటర్లు. తొడుగు లేని ఇనుముకు కె 80. మొదట చెప్పిన 3,000 ఆంపియర్లకు 11.9 చాలు కాబట్టి అది గట్టెక్కుతుంది. కానీ 80 అన్నది, వైరు 500 డిగ్రీలకు వేడెక్కినా చుట్టుపక్కల అంటుకునేది ఏదీ లేనిచోట వాడే అంకె. జనపనార పీచు గాల్లో ఎగిరే మిల్లులో ఆ వేడిని 150 డిగ్రీల దగ్గర ఆపాలి. అప్పుడు కె సుమారు 50, కావాల్సిన సైజు 19. అదే వైరు అక్కడ చాలదు. పైగా శ్రీకాకుళం తీరంలో ఉప్పు గాలికి ఇనుము తుప్పుపట్టి ఏటా ఇంకొంత తరిగిపోతుంది.

ఇళ్ల సంగతి వేరు. పిట్ ఒక్కటే ఉన్న ఇంట్లో ఫాల్ట్ కరెంటు మట్టిలోంచి వెళ్లాలి కాబట్టి, ఎంత లావు వైరు వేసినా ఎంసీబీ (ఇంటి బ్రేకర్) పడకపోవచ్చు. అక్కడ కరెంటు కొద్దిగా లీకైనా ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి.

ఫాల్ట్ కరెంటు, బ్రేకర్ సమయం, లోహం, కె, వచ్చిన సైజు, వేసిన సైజు. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేదా మెయిన్ బ్రేకర్ మార్చిన ప్రతిసారీ ఆ పేజీ మళ్లీ రాయాలని ఆదేశమివ్వండి. ఆ ఫారం తెలుగులో ఉండేలా చూడండి, ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ పిల్లల చేత ఈ లెక్క చేయించండి. రేపు ఆ వైరు లాగేది వాళ్లే.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్