నడిసముద్రంలో ఉన్నవాడు మీ శాతాల్లోకి రాడా? కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఆకాశవాణి కోస్తా మీడియం వేవ్ ప్రసారాలని, అంటే ఎఫ్.ఎం. కంటే దూరం పోయే పాతకాలపు రేడియో ప్రసారాలని, ఎఫ్.ఎం. వచ్చిందని ఆపకండని ఇదివరకు పెట్టుకున్న అర్జీలన్నిటికీ కలిపి "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే జవాబుగా వచ్చింది. అందుకే ఈసారి కవర్లో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ఆకాశవాణి, దూరదర్శన్ యంత్రాల కోసం పెట్టిన బైండ్ పథకం సంగతి మీకు మేం చెప్పేదేముంది. 2,539 కోట్ల పైచిలుకు డబ్బు. ఎఫ్.ఎం.ను జనాభాలో 80 శాతానికి, భూభాగంలో 66 శాతానికి అందించాలని లక్ష్యం. 2023 ఏప్రిల్ 28న ఒక్క రోజే 91 చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి. సంతోషం. మా పేచీ ఆ శాతాలతోనే. ఒకటి జనాభా లెక్క, ఇంకోటి భూమి లెక్క. సముద్రం రెండింట్లోనూ లేదు. ఊళ్ళో ఇంటికి ఎఫ్.ఎం. అందితే చాలు, ఆ ఇంటాయన వేటకి పోయి తీరానికి 80 కిలోమీటర్ల అవతల ఉన్నా మీ పట్టికలో "అందినవాడే". రేడియోతో ఆయనకి నిజంగా పని పడేది ఇంట్లో ఉన్నప్పుడు కాదండీ.

ఎఫ్.ఎం. అక్కడిదాకా ఎందుకు రాదో మీ ఇంజనీర్లకి తెలుసు. మీకు ఎవరూ చెప్పి ఉండరని చెబుతున్నాం. ఎఫ్.ఎం. అల దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. మాస్టు (ప్రసార స్తంభం) మీద ఆంటెన్నా ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో దానికి వర్గమూలం కట్టండి. పడవలో రేడియో ఎత్తుకీ అలాగే కట్టి రెండూ కలపండి. 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుందో వస్తుంది. మాస్టు 100 మీటర్లు, పడవలో రేడియో 2 మీటర్లు అనుకుంటే 47 కిలోమీటర్లు. మాస్టు 30 మీటర్లయితే 28. పైగా ఆ 91లో ఒక్కొక్కటీ 100 వాట్లది, నేల మీదే పది పదిహేను కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ గీత దాటాక సిగ్నల్ మెట్టు దిగినట్టు పడిపోతుంది. కిలోవాట్లు పెంచితే కొంత సాగుతుంది, అంతే. ఎండాకాలం సాయంత్రాలు ఎక్కడెక్కడి ఎఫ్.ఎం. స్టేషన్లు సముద్రం మీద వినిపిస్తాయని కొందరంటారు. నిజమే, గాలి పొరలు పొరలుగా కదలకుండా నిలిచినప్పుడు వినిపిస్తాయి. తుఫాను గాలికి ఆ పొరలే ఉండవు. అంటే పని లేనప్పుడు పాటలు వస్తాయి, పని పడ్డప్పుడు హెచ్చరిక రాదు.

మీడియం వేవ్ తీరు వేరు. విశాఖ 927 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో అల పొడవు 323 మీటర్లు. విజయవాడ 837 అంటే 358 మీటర్లు. ఎఫ్.ఎం. అల మూడు మీటర్లే. పొడుగాటి అల నేలని అంటిపెట్టుకుని పోతుంది. ఉప్పునీళ్ళయితే మంచి వాహకం గనక ఇంకా బాగా పోతుంది. ఇసుక నేల మీద వంద కిలోమీటర్లకే నీరసించే 100 కిలోవాట్ల సిగ్నల్, సముద్రం మీద పట్టపగలు రెండు వందలు దాటినా చిన్న రేడియోలో స్పష్టంగా పలుకుతుంది. పాడేరు వైపు కొండల మాటునున్న గూడేలకి కూడా పొడుగాటి అల వంగి చేరుతుంది. మూడు మీటర్ల అల కొండ దగ్గరే ఆగిపోతుంది. ఏజెన్సీ గోడు ఇంకో ఉత్తరమంత ఉంది, ఇప్పటికి సముద్రం సంగతే చూడండి.

"యాప్ ఉంది కదా" అంటారు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ బాగుంది, ఒడ్డున. డీడీ ఫ్రీ డిష్‌లో ఆకాశవాణి వస్తుంది కదా అంటారు. అలల మీద ఊగే నావలో డిష్ ఆంటెన్నాని ఉపగ్రహం వైపు నిలబెట్టే మనిషిని కూడా ఆ పథకంలోనే మంజూరు చేయండి. ఫోన్లలో ఎఫ్.ఎం. ఉండాలని 2023లో తయారీదార్లకి ప్రభుత్వమే సలహా ఇచ్చింది. ఫోన్లో ఎఫ్.ఎం.కి ఇయర్‌ఫోన్ తీగే ఆంటెన్నా, కొత్త ఫోన్లలో తీగ పెట్టే రంధ్రమే తీసేశారు. ఫోన్లో మీడియం వేవ్ ఎలాగూ రాదు, దానికి ఆంటెన్నాగా ఫెర్రైట్ కడ్డీ కావాలి. మరబోట్లకి ఇస్తున్న, ఉపగ్రహం ద్వారా కబురందించే ట్రాన్స్‌పాండర్లు మంచి పనే, కాదనం. ఫైబర్ తెప్ప మీద నలుగురే పోయేవాళ్ళకి మాత్రం ఈరోజుకీ రెండు బ్యాటరీల రేడియోనే దిక్కు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు ఒడ్డునే సెల్‌ఫోన్లు మూగబోయిన సంగతి తమరి శాఖకి గుర్తుండే ఉంటుంది.

మీడియం వేవ్‌ని ఎవరూ వినడం లేదన్నది ఇంకో మాట. ఎందుకు వినడం లేదో చూడండి. మాస్టు అడుగున భూమిలో చక్రం ఆకుల్లా నూటఇరవై దాకా రాగి తీగలు పరిచి ఉంటాయి. ఒక్కోటీ అల పొడవులో నాలుగో వంతు, అంటే ఎనభై తొంభై మీటర్లు. తీగ తుప్పు పట్టినా, రాత్రికి రాత్రి ఎవరో తవ్వుకుపోయినా ప్రసారం ఆగదు. మీటర్లో కిలోవాట్లు నిండుగానే కనిపిస్తాయి, ఆ శక్తిలో చాలా భాగం మాత్రం మట్టిని వేడి చేస్తుంది. ఉప్పు గాలికి మాస్టు కింది ఇన్సులేటర్ మీద పొర కడుతుంది, కడగకపోతే తడి రోజున నిప్పు రవ్వలు లేచి ట్రాన్స్‌మిటర్ ట్రిప్ అవుతుంది. పిడుగు పడితే పవర్ మాడ్యూళ్ళు పోతాయి. విడిభాగాలు వచ్చేదాకా మిగిలినవాటితో సగం శక్తి మీద నెట్టుకొస్తారు. సిగ్నల్ తగ్గుతుంది, గరగర పెరుగుతుంది, జనం కట్టేస్తారు. అప్పుడు సర్వే చేసి శ్రోతలు లేరంటారు! తిండి పెట్టకుండా ఎద్దు చిక్కిపోయిందని కబేళాకి తోలినట్టుంది.

పట్నంలో మీడియం వేవ్ పనైపోయిందంటే ఒప్పుకుంటాం. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి దాన్ని వినపడనివ్వవు. అక్కడ ఎఫ్.ఎం. పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. పడవలో ఆ రొద లేదు. మీడియం వేవ్‌నే డిజిటల్‌గా పంపే డీఆర్‌ఎం పద్ధతి ఉందంటారా, దాని రిసీవర్ కొత్త కార్లలో ఉంది. ఊళ్ళో కొట్లలో అడిగితే ఆ పేరే వినలేదంటారు.

అసలు చిక్కు డబ్బు వచ్చే దారిలో ఉంది. 2007 అక్టోబరు 5 నాటికి ఉన్న ఉద్యోగుల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. యంత్రాలకి బైండ్ ఉంది. కరెంటు బిల్లు, విడిభాగాలు, క్యాజువల్ అనౌన్సర్ల రుసుము లాంటి నడిపే ఖర్చంతా ఆకాశవాణి, దూరదర్శన్‌లని నడిపే ప్రసార భారతి సొంత రాబడిలోంచి. ఆ రాబడిలో పెద్ద వాటా ఫ్రీ డిష్ స్లాట్ల వేలంపాటది. అంటే ప్రైవేటు చానళ్ళు కట్టే పాట సొమ్ముతో జాలరికి తుఫాను కబురు చెప్పాలి. కొనడానికి డబ్బుంది, నడపడానికి లేదు. ప్రకటనలు రాని మీడియం వేవ్ మీద మొదటి కత్తి పడటంలో వింతేముంది?

ఆ బిల్లు ఎంతో లెక్క కట్టాం. ఇప్పటి రకం 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌కి చల్లదనం ఖర్చుతో కలిపి గంటకి 130 యూనిట్లు వేసుకోండి. రోజుకి 16 గంటలకి 2,080 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే 16,640. ఏడాదికి 60 లక్షల చిల్లర. మాట స్థాయిని బట్టి క్యారియర్‌ని (మాటని మోసే అలని) తగ్గించే ఏర్పాటు వాడితే ఇంకా తగ్గుతుంది. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరానికి ఇది భారమంటే మేం ఏం మాట్లాడాలి?

ఓటీటీ పెట్టారు. 2023లో "ఆలిండియా రేడియో" అన్న మాట తీసేసి ఆకాశవాణి అని మాత్రమే పలకాలన్నారు. మాకు ముందునుంచీ అది ఆకాశవాణే. పేరు మార్చినంత సులువుగా ఇన్సులేటర్ కూడా కడిగించండి. అనువైన సాంకేతికత ఎంచుకుని అందరికీ ప్రసారాలు చేర్చాలని ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. మేం కొత్తగా ఏదీ అడగడం లేదు.

కోస్తాలో ఏ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటుందో, ఏది ఎప్పుడు ఆగుతుందో తేదీలతో ముందే చెప్పండి. ఆపే ముందు సముద్రం మీద పడవలో కొలతలు తీయించండి. ఒడ్డున జీపులో తిరిగి తీసిన కొలతలు మాకొద్దు. తుఫాను తీరానికి కరెంటు, విడిభాగాల పద్దు వేలం రాబడితో ముడిపెట్టకుండా విడిగా ఇవ్వండి. ఇవేవీ కుదరకపోతే కనీసం ఆ 80 శాతం పటంలో సముద్రానికి కూడా ఒక రంగు వేయించి మాకు పంపండి. అక్టోబరు లోపు పంపితే మేలు, తుఫానులు మన ఫైళ్ళ కోసం ఆగవు.

ఇట్లు,
తమ జవాబు కోసం చూస్తున్న
కోస్తా ఆంధ్ర రేడియో శ్రోతలు