బుజ్జికి, నువ్విచ్చిన ఆల్బమ్‌ల లిస్టు గురించి

బుజ్జీ,

ఎలా ఉన్నావమ్మా. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కొంచెం నయం, నానమ్మ మళ్ళీ షుగర్ మాత్రలు దిండు కింద దాచేస్తోంది, రాజా బాబాయ్ ఆ స్థలం సంగతి ఇంకా తేల్చలేదు. నువ్వు ఫోన్ ఎత్తట్లేదని ఈ మెయిల్ రాయట్లేదు, పని ఒత్తిడి ఉంటుందని తెలుసు. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోకు నాన్నా ఇవి విను అని కొత్త ఆల్బమ్‌ల లిస్టు పెట్టావు చూడు, దాదాపు అన్నీ విన్నా, వాటి గురించి చెప్దామని.

ముందు ఆ బెర్లిన్ వాళ్ళది, ఐన్‌స్టుర్జెండే నోయ్‌బౌటెన్. 'రాంపెన్' అని 2024 ఏప్రిల్‌లో వచ్చింది. 1980 నుంచీ డ్రమ్ముల బదులు ఇనప రేకులు, పైపులు, డ్రిల్లింగ్ మెషిన్లు వాయిస్తున్నారట, 1984లో లండన్‌లో స్టేజీనే డ్రిల్లు పెట్టి తవ్వేస్తుంటే షో ఆపించేశారని చదివా. అలాంటి మోతే ఉంటుందనుకుని వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టా, తీరా చూస్తే ఎంత నెమ్మదిగా ఉందో. 2022 టూర్‌లో స్టేజీ మీద అప్పటికప్పుడు వాయించినవాటిని తర్వాత స్టూడియోలో పాటలుగా కట్టారట. వైర్ రాడ్ మిల్లులో అన్నేళ్ళు చేసినవాడికి రేకు మీద దెబ్బకీ గర్డర్ మీద దెబ్బకీ తేడా తెలుస్తుంది కదా, వీళ్ళకీ ఆ తేడా తెలుసు, ఇనుము మోగాక ఆ మోత ఆరేదాకా ఆగుతారు, అప్పుడే రెండో దెబ్బ. నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు ఈ ఇండస్ట్రియల్ మ్యూజిక్ మొదలెడితే మీ అమ్మ తలుపేసుకోమనేది, నాకు మాత్రం అది ఎప్పుడూ కొత్తగా అనిపించలేదు, షిఫ్టులో విన్నదే.

కేఎంఎఫ్‌డీఎం 'లెట్ గో', మినిస్ట్రీ 'హోపియమ్ ఫర్ ది మాసెస్' రెండూ 2024 మొదట్లో వచ్చినవే. మొదటిది హుషారుగా ఉంది, 40 ఏళ్ళుగా వాయిస్తున్నవాళ్ళలా అనిపించరు. రెండోది రాజకీయాల మీద కోపం, గిటార్ల జోరు బాగుంది కానీ ఏకబిగిన వినలేకపోయా. 80ల్లో వీళ్ళిద్దరి రికార్డులూ వేసిన వాక్స్ ట్రాక్స్ కంపెనీ మీ చికాగోదే, డెన్వర్‌లో రికార్డుల షాపుగా మొదలై 1978లో అక్కడికి వచ్చిందట. నీకు తెలిసే ఉంటుందిలే. చికాగో అంటే గుర్తొచ్చింది, పద్మ పిన్ని వాళ్ళ కిట్టు దసరాకి అరోరా బాలాజీ గుడికి వెళ్తే నువ్వు కనపడలేదన్నాడు. ఇంకా ఏవో అన్నాడు, మీ ఆఫీసులో టీములకి టీములే తీసేస్తున్నారని. వాడి మాటలు నేను పట్టించుకోను.

నైన్ ఇంచ్ నెయిల్స్ కొత్తది 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, 'ట్రాన్: ఏరీస్' సినిమాకి చేసింది. ఆ బ్యాండ్‌లో ఉన్న ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ ఇద్దరూ సినిమా సంగీతానికి ఆస్కార్లు తీసుకున్నవాళ్ళు, ఇది మాత్రం బ్యాండ్ పేరు మీదే వేశారు. ఎక్కువగా సింథసైజర్లే, కింద నుంచి ఒక మోటారు తిరుగుతూనే ఉన్నట్టుంటుంది. సినిమా చూడకుండా విన్నా నిలబడే ఆల్బమ్ అది, పెద్ద స్పీకర్లలో వినాలి. అంటే సౌండ్ పెంచమని కాదు. షోలకి వెళ్ళేటప్పుడు ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటున్నావా? ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 90 డెసిబెల్స్ అయితే 8 గంటలు, 100 అయితే 2 గంటలే ఉండాలి, రాక్ షోల్లో 100 ఊరికే దాటుతుంది. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు, నువ్వు అటువైపు నుంచి పిలిస్తే పలకనని చిన్నప్పుడు అలిగేదానివి. పోయిన వినికిడి మళ్ళీ రాదమ్మా, మందు లేదు దానికి.

ఇప్పుడు ఆ క్యూర్ ఆల్బమ్. 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్', 2024 నవంబర్ 1న వచ్చింది, 16 ఏళ్ళ తర్వాత వేసిన ఆల్బమ్, ఉన్నవి 8 పాటలే. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటేదాకా గొంతే వినపడదు, నాకు ఆ తొందర లేకపోవడం చాలా నచ్చింది. ఆ బ్యాండ్ పాటగాడు రాబర్ట్ స్మిత్ వాళ్ళ అన్నయ్య చనిపోయాక రాసిన పాట ఒకటుంది, అది విన్న రోజు నేను శీను పెదనాన్నని తల్చుకుని ఇంకేమీ వినలేకపోయా. నీ లిస్టులో అన్నిటికన్నా గొప్పది ఇదే. కానీ రోజూ వినేది కాదమ్మా.

నా ఫోన్లో ఉన్నది నీ అకౌంటే కదా. నేను రాత్రి ఏడున్నరకి వాకింగ్‌లో పాట పెడితే నీకు పొద్దున్న ఎనిమిది, ట్రైన్లో నీ పాట ఆగిపోయేది, నాన్నా ఆపు అని మెసేజ్ వచ్చేది. ఈ మధ్య ఆ టైముకి నాకెవరూ అడ్డం రావట్లేదు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చేటప్పుడు పెడితే మాత్రం వేరే డివైస్‌లో ప్లే అవుతోంది అని చూపిస్తోంది, చూస్తే ఇదే ఆల్బమ్. మాకు మధ్యాహ్నం రెండున్నర అంటే మీకు రాత్రి మూడు. ఇప్పుడు నేను మధ్యాహ్నం పెట్టడం మానేశా, నీది ఆగిపోకూడదని. అడగట్లేదు నేను, చూసింది చెప్తున్నా అంతే. రాత్రి మూడింటికి ఏం తింటున్నావు?

గాడ్‌ఫ్లెష్ 'పర్జ్' 2023ది, ఇద్దరు మనుషులు ఒక డ్రమ్ మెషిన్, బర్మింగ్‌హామ్ వాళ్ళు. మంచి బరువుంది. బర్మింగ్‌హామ్ అంటే బ్లాక్ సబాత్ బ్యాండ్ ఊరు కదా, వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీ వేళ్ళ సంగతి నీకు తెలుసో లేదో, తెలిసినా మళ్ళీ విను. 1965లో, అతనికి 17 ఏళ్ళు, రేకుల ఫ్యాక్టరీలో పని. ఒక బ్యాండ్‌తో యూరప్ వెళ్ళే ఛాన్స్ వచ్చి ఉద్యోగం మానేశాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్ళనమ్మా అంటే వాళ్ళమ్మ అలా కాదు, వెళ్ళి పని పూర్తి చేసి రా అంది. వెళ్ళాడు. ప్రెస్ మీద పనిచేసే మనిషి రాకపోతే అలవాటు లేని ఆ మెషిన్ మీద ఇతన్ని నిలబెట్టారు, అది కుడి చెయ్యి మీద పడి మధ్య వేలు, ఉంగరం వేలు కొసలు పోయాయి. అతను ఎడమ చేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడి చేత్తోనే. ఇంక గిటార్ లేదన్నారు. అప్పుడు ఆ ఫ్యాక్టరీ మేనేజర్ జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు రికార్డు ఒకటి తెచ్చి వినిపించి, ఇతను రెండు వేళ్ళతోనే వాయిస్తున్నాడు తెలుసా అన్నాడట. సబ్బు నీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేలి కొసలకి తొడుగులు చేసుకుని, పాత జాకెట్ తోలు వాటి మీద అంటించుకుని, నొప్పి తగ్గడానికి సన్న తీగలు వేసుకుని, తర్వాత వాటిని వదులు చేసుకుని వాయించాడు. నువ్వు వినే ఈ బరువు గిటార్లన్నీ అక్కణ్ణించి వచ్చినవే. 2025 జులై 5న మళ్ళీ అదే ఊళ్ళో సబాత్ పాటగాడు ఆజీ ఆస్‌బోర్న్ పక్కన వాయించాడు, ఆ నెలలోనే ఆజీ పోయాడు.

నాకు ఇందులో మనసులో ఉండిపోయింది వాళ్ళమ్మ. ఆవిడ చేసింది తప్పని నేననను, ఏ ఇంట్లోనైనా పిల్లలకి అదే చెప్తాం. కానీ మెషిన్ ముందు నిలబడేది పిల్లలే. అందుకే ఆ ఉద్యోగమే పట్టుకుని ఉండు అని నేను చెప్పను. పోయి ఉంటే పోయింది. నేను కనుక్కున్నా, ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజుల దాకా టైం ఉంటుంది వీసాకి, ఆ తేదీ కాగితం మీద రాసి గోడకి అంటించుకో, లాయర్‌తో మాట్లాడు, అప్లికేషన్లు పగలు పెట్టు, రాత్రి పడుకో, అన్నం మానకు. వచ్చేస్తానంటే వచ్చెయ్, నీ గది అలాగే ఉంది, టికెట్ నేను తీస్తా. ఎవరికేం చెప్పాలో తర్వాత చూసుకుందాం, పిన్నికి నేను చెప్పుకుంటా. కిట్టు చెప్పింది అబద్ధమైతే ఇదంతా చదివి వదిలెయ్.

మీ అమ్మకి ఇవేవీ చెప్పలేదు. కందిపొడి, గోంగూర పచ్చడి కట్టి పెట్టింది, అడ్రస్ మారిందేమో చెప్తే పంపిస్తాం. ఆదివారం మీకు పొద్దున్న తొమ్మిదికి ఫోన్ చేస్తా, మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు, ఎత్తు చాలు. మఫ్లర్ లేకుండా బయటికెళ్ళకు.

నాన్న

నీ పేరు మీద ఉన్న ఎఫ్‌డీ మార్చిలో మెచ్యూర్ అవుద్ది. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ముందే తీస్తే వడ్డీ కొంచెం తగ్గుద్ది అంతే, బ్యాంకులో అడిగి పెట్టా.