సుంకం కడతాం, లెక్క చూపండి

సంపాదకులకు,

అయ్యా,

మా చెల్లెలు ఇంగ్లండు నుంచి శ్రావణ పున్నమికి రాఖీ పంపింది. రాఖీతో ఊరుకోక, నడకకు పనికొస్తాయని నాకో బూట్ల జత, మనవలకు చాక్లెట్ డబ్బా కూడా పెట్టింది. "గిఫ్ట్ అని పెద్దక్షరాలతో రాశానన్నయ్యా, పైసా పడదు" అని ఫోన్లో ధీమాగా చెప్పింది. కొరియర్ కుర్రాడొచ్చి నాలుగు వేల పైచిలుకు కట్టమన్నాడు. ఎందుకు బాబూ అంటే, "నాకేటి తెలుసండి, ఫోన్లో పడింది చూపిస్తన్నాను, కడితే ఇచ్చెస్తాను" అన్నాడు. వాడి తప్పేముంది! రసీదులో ఉన్నది ఒకటే వరస: సుంకాలు, పన్నులు, ఇంత.

ముప్పై రెండేళ్లు ఖజానా శాఖలో బిల్లులు చూసినవాణ్ణి. పద్దుల్లేని బిల్లు కనబడితే నాకు నిద్ర పట్టదు. మూడుసార్లు ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు వివరం పంపారు. అందులో 1,180 రూపాయలు కస్టమ్స్ సుంకం కానే కాదు. మా తరఫున ముందు కట్టినందుకు కంపెనీ వేసుకున్న రుసుం వెయ్యి, దాని మీద జీఎస్టీ 180. అంత రుసుం ఉంటుందని ముందే చెబితే మా చెల్లెలు పోస్టులో పంపేది.

ఇక గిఫ్ట్ సంగతి. ఒకప్పుడు కానుకగా వచ్చిన వస్తువుకు 5,000 రూపాయల విలువ దాకా సుంకం లేదు. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు. కానుక పేరుతో మినహాయింపు మిగిలింది ప్రాణరక్షక మందులకు, రాఖీకి మాత్రమే. రాఖీతో పాటు పెట్టిన బూట్లకు, చాక్లెట్లకు కాదు. ఇన్నేళ్లయినా మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరిని అడిగినా "గిఫ్ట్ అని రాసేయమను" అనే చెబుతారు. నేనూ చెప్పినవాణ్ణే.

లెక్క తెలుసుకుంటే అంత కష్టమేమీ కాదు. వస్తువు ధరకు రవాణా, బీమా ఖర్చులు కలిపి విలువ కడతారు. అది 10,000 అనుకుందాం. సుంకం 10 శాతమైతే వెయ్యి. ఆ వెయ్యి మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, వంద. తర్వాత ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ, 18 శాతమైతే, వేసేది పది వేల మీద కాదు, 11,100 మీద. అది 1,998. వెరసి 3,098. వస్తువును బట్టి శాతాలు మారతాయి, కొన్నింటికి సర్‌ఛార్జి ఉండదు. వరస మాత్రం ఇదే. ఈ నాలుగు ముక్కలు రసీదు మీద తెలుగులో అచ్చు వేయడానికి ఏం అడ్డమో నాకు బోధపడలేదు.

ఇది ఒక్క నా బూట్ల గొడవ కాదు. ఉద్దానం పల్లెల నుంచి ఎందరో గల్ఫ్‌లో వెల్డర్లుగా, రిగ్గర్లుగా ఉన్నారు. "మీవాడు పంపిన పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ నంబరుకు డబ్బు కొట్టండి" అని ఎవడో ఫోన్ చేస్తే, అసలు లెక్క ఎలా ఉంటుందో తెలియని తల్లి ఏం చేస్తుంది? కస్టమ్స్ వారు మనుషుల సొంత ఖాతాలకు డబ్బు వేయమనరు. వారు పంపే ఉత్తరం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని వారి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మోసపోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఇదంతా కవిటిలో, సోంపేటలో ఎంతమందికి తెలుసు?

ఇక్కణ్ణుంచి పంపేవాళ్లదీ ఇదే అవస్థ. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇచ్చే మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, మళ్లీ అక్టోబరు 15న మొదలుపెట్టింది. అప్పట్నుంచి అక్కడి సుంకం ఇక్కడ కౌంటర్లోనే కట్టాలి. ఆ మధ్యలో మా వీధిలో ఒకావిడ కూతురికి పొందూరు చీర పంపుదామని రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ సంచి పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకో చెప్పే కాగితం గోడ మీద లేదు.

అడిగేది పెద్దదేమీ కాదు. సుంకం, సర్‌ఛార్జి, ఐజీఎస్టీ, కంపెనీ రుసుం విడివిడిగా చూపిన రసీదు ఇవ్వాలి, సరుకు దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ, దాని నకలు అడక్కుండానే జత చేయాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రధాన తపాలా కార్యాలయాల్లో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. విశాఖలో కస్టమ్స్ కార్యాలయం ఉంది కదా, అక్కణ్ణుంచి నెలకోసారి ఒక అధికారి వచ్చి ఒక పూట కూర్చుంటే మరీ మేలు.

వచ్చే శ్రావణానికి కవర్లో రాఖీ ఒక్కటే పెట్టమని చెల్లెలికి చెప్పాను. బూట్లు ఏడు రోడ్ల కూడలిలో కొనుక్కుంటాను.

— ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి, శ్రీకాకుళం