కొంగలు టీ కొట్లో వాలిన రోజు

శ్రీకాకుళం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. సంక్రాంతికి కొత్త కెమెరాతో దిగుతున్నానని, జీపీఎస్ పరికరం కూడా కొనమంటావా అని అడిగావు కదా. ముందు నా అవస్థ చదువు, తర్వాత నువ్వే తేల్చుకో.

మా చిన్నాన్న కొడుకు విశాఖలో ఇల్లు మారుతూ వాడి పాత జీపీఎస్ పరికరం, గార్మిన్ ఈట్రెక్స్, నాకిచ్చేశాడు. చూడ్డానికి సబ్బుపెట్టెలా ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే రోజంతా నడుస్తుంది. మార్గశిరంలో ఓ తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని, దాన్ని జేబులో వేసుకుని, బండి మీద పక్షుల ఊరు తేలినీలాపురం వెళ్లాను. దారిలో టెక్కలిలో ఆగి టీ తాగాను. టీ గ్లాసుకి కూడా ఫోటో తీశాను. నవ్వకు, పొగ బాగా వచ్చింది.

పక్షుల సంగతి చెప్పాలంటే వేరే ఉత్తరం రాయాలి. పెయింటెడ్ స్టార్క్ కొంగలు, గూడబాతులు ఊరి మధ్యలో చింతచెట్ల మీదే గూళ్లు కట్టేసుకున్నాయి. కింద ఇళ్లు, అరుగులు, ఆరేసిన బట్టలు. ఆ బట్టల మీద ఏం పడినా ఊళ్లో ఎవరూ కసురుకోరు. నా చేతిలో పెట్టె చూసి ఒక తాతగారు, "ఏటి బాబూ, రెండు సెల్లులు పట్టుకొచ్చినావేటి?" అన్నారు. ఇది ఫోను కాదు తాతా, ఆకాశంలో ఉపగ్రహాల మాట వింటుంది అన్నాను. "మరి అవి మన మాట ఇంటాయా?" అన్నారు. వినవు. ఆయన అడిగిన తర్వాతే నాకూ బుర్రకెక్కింది. ఇది ఎవరికీ ఏమీ పంపదు, ఊరికే వింటుందంతే. ఫోన్లో ఉన్న జీపీఎస్ కూడా అంతే. అందుకే టవరు లేని కొండమీద కూడా పనిచేస్తుంది. అక్కడ రానిది మ్యాపు బొమ్మ. దాన్ని ఇంట్లోనే దింపుకుని వెళితే సరి.

ఇంటికొచ్చి రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెట్టె నడిచిన దారంతా టైముతో సహా గీసుకుంటుంది. కెమెరా ప్రతి ఫోటో మీదా టైము రాసుకుంటుంది. రెండు టైములూ జతచేసి, ఏ ఫోటో ఎక్కడ తీశామో సాఫ్ట్‌వేరు మ్యాపు మీద పెడుతుంది. పెట్టింది కూడా. నా కొంగలు మొదటి డజను వెళ్లి టెక్కలి టీ కొట్లో వాలాయి. టీ గ్లాసు వెనక్కి పోయి కోటబొమ్మాళి దగ్గర హైవే మధ్యలో నిలబడింది.

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేను గంటసేపు ఆ పెట్టెను తిట్టాను. తీరా చూస్తే తప్పు నాది. కెమెరాలో టైమ్‌జోన్ పెట్టేటప్పుడు కోల్‌కతా బదులు కరాచీ నొక్కేశాను. మనకీ వాళ్లకీ అరగంట తేడా. పెట్టె సంగతి వేరు. లెక్క ప్రకారం దానికి మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తెలిసిపోవాలట, కానీ పెట్టెలోని చవక గడియారం తప్పు దిద్దడానికి నాలుగోది కావాలి. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి అవి దాని గడియారాన్ని దిద్దాయి. నా చేతిలోని కెమెరాను నేను దిద్దుకోలేకపోయాను.

ఇప్పుడు ఎక్కడికెళ్లినా మొదటి ఫోటో ఆ పెట్టె స్క్రీను మీది గడియారానికే. తేడా ఎంతున్నా తర్వాత సాఫ్ట్‌వేరులో ఒక్కసారి దిద్దితే ఫోటోలన్నీ సర్దుకుంటాయి. నడిచేటప్పుడు నిమిషం తప్పినా అరవై, డెబ్బై మీటర్లు పక్కకి పోతాం. బండి మీదైతే చెప్పనే అక్కర్లేదు.

గడియారం కుదిరినా, ఏ చింతచెట్టో మాత్రం ఆ పెట్టె ఖాయంగా చెప్పలేదు. ఆరుబయట ఐదారు మీటర్ల తేడాలో చూపిస్తుంది. చెట్టు కింద అరగంట కదలకుండా కూర్చుంటే, పిల్లాడు పలక మీద గీసిన పిచ్చిగీతల్లా వచ్చింది దారి. ఆకులు సిగ్నల్ని మింగేస్తాయి, గోడలు వెనక్కి కొడతాయి. 2000 మే ముందైతే అమెరికావాళ్లు కావాలనే సిగ్నల్లో తప్పు కలిపేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేదట. అప్పుడైతే నా కొంగలు పక్క ఊరికే పోయేవి.

పోయినేడు నువ్వు శాలిహుండానికి దారి తప్పింది గుర్తుందా? నేను 18.33 అని పంపిస్తే నువ్వు 18 డిగ్రీల 33 నిమిషాలు అని కొట్టావు. డిగ్రీకి అరవై నిమిషాలు కదరా, 0.33 అంటే ఇరవై నిమిషాలే. పాతిక కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, పొలం గట్టు మీంచి ఫోన్ చేసి నన్నే తిట్టావు. కొండమీద స్తూపాల దగ్గర కూర్చుని, కింద వంశధారను చూస్తూ నీ వాటా పులిహోర కూడా నేనే తినేశాను.

నీ ప్రశ్నకి వస్తే, ఊళ్ల చుట్టూ తిరగడానికి నీ ఫోను చాలు. మహేంద్రగిరి ఎక్కుతానంటే మాత్రం ఇలాంటి పెట్టె ఉండాల్సిందే. పైన మంచు కమ్మేస్తే, చలికి ఫోను బ్యాటరీ దిగిపోతే, వచ్చిన దారినే వెనక్కి నడిపిస్తుంది. ఎత్తు లెక్క మాత్రం గుడ్డిగా నమ్మకు. ఆ కొండ 1501 మీటర్లు. ఉపగ్రహాలన్నీ నెత్తిమీదే ఉంటాయి కాబట్టి చోటు చెప్పినంత బాగా ఎత్తు చెప్పలేదు.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నా. గూళ్ల దగ్గర తీసిన ఫోటోల్లో దాగుండే లొకేషన్ వివరం తీసేశాకే ఎవరికైనా ఇవ్వు. తేలినీలాపురం అందరికీ తెలిసిందే, పైగా ఊరంతా కాపలా. తోటల్లో ఎక్కడో ఒంటరిగా ఉన్న గూటికి ఎవరున్నారు? ఇంట్లో తీసిన పిల్లల ఫోటోలకీ ఇదే మాట. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపావంటే ఇంటి గుమ్మం చూపించినట్టే.

నా పెట్టె నీకూ సరిపోతుంది, అనవసరంగా డబ్బు తగలెయ్యకు. ఛార్జింగ్ పెన్సిల్ సెల్లులు నాలుగు పట్టుకురా, ఇక్కడ మంచివి దొరకడం లేదు. భోగి మర్నాడు పిండివంటలయ్యాక తేలినీలాపురం వెళదాం. టెక్కలిలో టీ నీ ఖాతా.

నీ,
రవి